జీపీఎస్ చేతులెత్తేసిన చోట: తాతయ్య అడుగుల లెక్క నుంచి ఫోన్ సెన్సర్ల దాకా

ముందుగా ఒక చిన్న పని చేయండి. మీ ఫోన్‌లో మ్యాప్ తెరిచి మాచవరం అని కొట్టండి. చాలామందికి విజయవాడలో ఉన్న మాచవరం వస్తుంది. మాది అది కాదు. పిడుగురాళ్ల దాటి లోపలికి రావాలి, పల్నాడు మాచవరం. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో ఎవరైనా ఊరు అడిగితే చెప్పేవాణ్ణి, "ఓహో, బెజవాడా" అనేవాళ్లు. కొన్నాళ్లు కాదని చెప్పా, తర్వాత విసుగొచ్చి మానేశా.

నువ్వు ఎక్కడున్నావు? వినడానికి చిన్న ప్రశ్నే. దానికి జవాబు చెప్పడానికి మనుషులు పడిన పాట్లు మాత్రం చిన్నవి కావు. బయట ఆకాశం కింద నిలబడితే ఇప్పుడు ఇబ్బంది లేదు, జీపీఎస్ చెప్పేస్తుంది. ఆ ఉపగ్రహాలు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంటాయి. అక్కడి నుంచి నేల మీదికి వచ్చేసరికి వాటి సిగ్నల్ ఎంత బలహీనమైపోతుందంటే, మామూలు స్లాబు అడ్డం పడినా చాలు, లెక్క గందరగోళం అయిపోతుంది. మాల్‌లో, పెద్దాసుపత్రిలో, మెట్రో స్టేషన్ కింద అంతస్తులో ఆ నీలి చుక్క పిచ్చి పట్టినట్టు తిరగడం మీరు చూసే ఉంటారు.

మరి ఉపగ్రహం కనపడని చోట, ఫోన్ లోపల ఉన్న కదలిక సెన్సర్లతోనే మన చోటు కనుక్కోవచ్చా? ఇవాళ్టి ఎపిసోడ్ దాని గురించే. ఇది కొత్త టెక్నాలజీ అనుకుంటాం గానీ, దీని వెనక రెండు వందల ఏళ్లకు పైగా చరిత్ర ఉంది. నాకైతే అది మా ఇంటి వసారాలోనే మొదలైంది.

మా తాతయ్య మంచం

మా తాతయ్యకి నీటికాసుల వల్ల చూపు పోయింది. నాకు ఊహ తెలిసేటప్పటికే ఆయనకి కళ్లు కనపడవు. అయినా ఇంట్లో ఎవరి చెయ్యీ పట్టుకునేవాడు కాదు. వసారాలో మంచం దగ్గర నుంచి నీళ్ల తొట్టికి పద్నాలుగు అడుగులు. తొట్టి దగ్గర ఎడమకి తిరిగి తొమ్మిది అడుగులు వేస్తే దొడ్డి గుమ్మం. మంచం నుంచి వీధి అరుగు అంచుకి పదకొండు. పెదాలు కదిలేవి, లెక్కపెట్టుకుంటున్నాడని మాకు తెలిసేది.

నాకు పదేళ్ల వయసులో, ఎండాకాలం సెలవుల్లో, కూలర్ గాలి నాకు తగలాలని ఆయన మంచాన్ని ఒక రెండు అడుగులు వీధి వైపుకి జరిపా. చెప్పలేదు. చెప్పాలన్న ఆలోచన కూడా రాలేదు. సాయంత్రం ఆయన లేచి అరుగు మీదికి బయలుదేరాడు. పదకొండు లెక్కపెట్టేలోపే, తొమ్మిదో అడుగు దగ్గరే అరుగు అయిపోయింది. కింద పడ్డాడు. మణికట్టు విరిగింది.

కట్టు కట్టించుకుని వచ్చాక ఆయన అడిగిన మొదటి మాట, "ఒరేయ్, మంచం ఎవుడు జరిపాడ్రా?" నేనే అని చెప్పా. తిట్టలేదు. కాసేపు ఊరుకుని, "నా లెక్క తప్పలేదురా, మొదలు తప్పింది" అన్నాడు.

బీటెక్‌లో నాకు అర్థంకాని సబ్జెక్టులు చాలా ఉన్నాయి. ఈ ఒక్కటి మాత్రం అక్కడే అర్థమైపోయింది. ఎక్కడ మొదలుపెట్టావో తెలియాలి. ఏ దిక్కుకి తిరిగావో తెలియాలి. ఎంత దూరం నడిచావో తెలియాలి. ఈ మూడూ ఉంటే కళ్లు మూసుకుని కూడా ఎక్కడున్నావో చెప్పొచ్చు. ఇంగ్లీషులో దీన్ని డెడ్ రెకనింగ్ అంటారు, సముద్రం మీద నావికులు వందల ఏళ్లుగా వాడిన లెక్క. మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా తేడా వస్తుంది. ఆ తేడా అక్కడితో ఆగదు, నడిచేకొద్దీ పెరుగుతూ పోతుంది.

చక్రం, జపమాల

ఇప్పుడు 1790ల్లోకి వెళ్దాం. కోలిన్ మెకంజీ పేరు మీలో కొందరికి తెలిసే ఉంటుంది. మన ఊళ్ల కైఫియత్తులు రాయించిన ఇంగ్లీషు కంపెనీ అధికారి. ఆయన అసలు వృత్తి సర్వే. నిజాం రాజ్యం సర్వే చేసింది ఆయనే. 1790ల చివర్లో అమరావతి స్తూపం దిబ్బని చూసి దాని గురించి బయటి ప్రపంచానికి చెప్పిందీ ఆయనే. ఆ అమరావతి ఇప్పుడు మన పల్నాడు జిల్లాలోనే ఉంది. ఏలూరుకి చెందిన కావలి వెంకట బొర్రయ్య, ఆయన తమ్ముళ్లు లక్ష్మయ్య, రామస్వామి ఆయన దగ్గర పనిచేశారు. వాళ్లు లేకపోతే మెకంజీకి ఇక్కడి భాషా తెలియదు, మనుషులూ తెలియదు. 1815లో మెకంజీ భారతదేశం మొత్తానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు.

ఆ కాలంలో దారి సర్వే ఎలా చేసేవాళ్లంటే, కర్రకి తగిలించిన ఒక పెద్ద చక్రం ఉండేది. దాన్ని పెరాంబులేటర్ అనేవాళ్లు. మనిషి దాన్ని దారి పొడవునా తోసుకుంటూ పోతే, ఎన్ని చుట్లు తిరిగిందో దానికున్న ముల్లు చూపిస్తుంది. చుట్లు గుణించు చక్రం చుట్టుకొలత, అదీ దూరం. దారి మలుపు తిరిగినప్పుడల్లా దిక్సూచి చూసి దిక్కు రాసుకోవాలి. దూరం ప్లస్ దిక్కు. తాతయ్య లెక్కే, కాకపోతే అడుగుకి బదులు చక్రం.

దీంట్లో చిక్కేంటంటే, ఇసకలో చక్రం జారుతుంది, గుంటల్లో ఎగురుతుంది, ఎత్తుపల్లాల దూరాన్ని కూడా నేరు దూరంలో కలిపేస్తుంది. రోజుకి కొంచెం తప్పు. నెల రోజులు నడిస్తే పెద్ద తప్పు. ఈ తప్పుని అదుపు చేయడానికి ఇంకో పద్ధతి కావాలి. ఆ పని విలియం లాంబ్టన్ చేశాడు. 1802లో మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఒక గీతని చాలా జాగ్రత్తగా గొలుసుతో కొలిచి, అక్కడి నుంచి కొండ మీదికీ గోపురం మీదికీ కోణాలు చూసుకుంటూ త్రిభుజాల వల అల్లుకుంటూ వచ్చాడు. ఆ పనిలోనే తర్వాత హైదరాబాద్ చేరాడు. 1818 చివర్లో అక్కడ ఆయన దగ్గర సహాయకుడిగా చేరినవాడే జార్జ్ ఎవరెస్ట్. శిఖరానికి పేరు పెట్టింది ఆయన పేరే. త్రిభుజాలతో తేల్చిన బిందువులు గట్టి గుంజల్లాంటివి. చక్రంతో కొలిచిన దారిని తెచ్చి ఆ గుంజలకి కట్టేస్తే, మధ్యలో వచ్చిన తప్పు అక్కడితో ఆగిపోతుంది.

ఈ గుంజ అనే మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

మరి చక్రం తోసుకుంటూ పోవడానికి వీల్లేని చోట? 1860ల్లో టిబెట్ అలాంటి చోటు. తెల్లవాళ్లని రానిచ్చేవాళ్లు కాదు. సర్వే పరికరాలు కనిపిస్తే ప్రాణాలకే ముప్పు. అప్పుడు సర్వే అధికారి మాంట్‌గోమరీ కుమావూ కొండల నుంచి నైన్ సింగ్ రావత్ అనే బడిపంతులుని తెచ్చి డెహ్రాడూన్‌లో తయారుచేయించాడు. తయారుచేయడం అంటే ఏంటో తెలుసా? కొండ ఎక్కినా దిగినా, ఎండలో అయినా మంచులో అయినా, ఒకే పొడవు అడుగు వేయడం నేర్పించడం. మైలుకి సుమారు 2000 అడుగులు.

లెక్కకి జపమాల. మామూలు జపమాలలో 108 పూసలుంటాయి కదా, ఆయన మాలలో 100 పెట్టారు. వంద అడుగులకి ఒక పూస జరపాలి. మాల ఒక చుట్టు అయితే 10,000 అడుగులు, అంటే దాదాపు అయిదు మైళ్లు. చేతిలో తిప్పే ప్రార్థన చక్రంలో మంత్రాల కాగితాలకి బదులు సర్వే లెక్కలు దాచుకునేవాడు. చూసేవాళ్లకి భక్తుడు. 1866 జనవరిలో లాసా చేరాడు. 1877లో లండన్ రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఆయనకి బంగారు పతకం ఇచ్చింది.

ఆయన కూడా అడుగుల్ని మాత్రమే నమ్ముకోలేదు. వీలు దొరికినప్పుడల్లా రాత్రిపూట సెక్స్‌టంట్‌తో నక్షత్రాల ఎత్తు చూసి అక్షాంశం సరిచూసుకునేవాడు. అదీ గుంజే.

ఇంకో సంగతి. మనందరి ఫోన్లూ రోజుకి 10,000 అడుగులు నడవమని పోరుతుంటాయి కదా. ఆ సంఖ్యని జనంలోకి తెచ్చింది 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటరు. దాని పేరే పదివేల అడుగుల మీటరు. దానికి వందేళ్ల ముందే నైన్ సింగ్ మాల చుట్టు అదే అంకె దగ్గర పూర్తయ్యేది. రెండింటికీ సంబంధం ఏమీ లేదు. కానీ నా ఫోన్‌లో ఆ అంకె చూసినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తాడు.

బొంగరం చిప్‌లోకి దూరిన కథ

ఇరవయ్యో శతాబ్దంలో ఈ లెక్క మనిషి కాళ్ల నుంచి యంత్రానికి మారింది. బస్సు సడెన్ బ్రేక్ వేస్తే మనం ముందుకి తూలుతాం కదా, ఆ తూలడాన్ని కొలిచేది యాక్సిలరోమీటర్. బొంగరం గట్టిగా తిరుగుతున్నంతసేపూ వాలిపోకుండా నిలబడుతుంది కదా, ఆ మొండితనాన్ని వాడుకుని ఎంత తిరిగామో చెప్పేది జైరోస్కోప్. ఈ రెండూ కలిపి పెడితే బయటి సాయం ఏమీ లేకుండా విమానం, క్షిపణి తన చోటు తను లెక్కేసుకోగలవు.

1953లో అమెరికాలో చార్లెస్ స్టార్క్ డ్రేపర్ బృందం ఇలాంటి పరికరంతోనే మసాచుసెట్స్ నుంచి లాస్ ఏంజెలెస్ దాకా విమానాన్ని తీసుకెళ్లింది. ఆ పరికరం బరువు టన్నుకు పైగా. 1958లో నాటిలస్ జలాంతర్గామి ఉత్తర ధ్రువం మంచు కింద నుంచి ఈ లెక్కతోనే అవతలికి వెళ్లింది. నీళ్ల కింద, మంచు కింద, నక్షత్రం కూడా కనపడని చోట.

మన దగ్గర ఈ విద్యకి చిరునామా హైదరాబాద్. అబ్దుల్ కలాం 1982లో అక్కడి డీఆర్‌డీఎల్‌కి డైరెక్టర్‌గా వచ్చారు. 1983లో క్షిపణుల కార్యక్రమం మొదలైంది. 1988లో ఫిబ్రవరిలో మన శ్రీహరికోట నుంచి పృథ్వి ఎగిరింది. అదే ఏడాది హైదరాబాద్‌లో రీసెర్చ్ సెంటర్ ఇమారత్ ఏర్పడింది. ఇప్పటికీ క్షిపణులకి దారి చెప్పే పరికరాలు తయారయ్యే ముఖ్యమైన చోటు అది.

అంత పెద్ద సరుకు మన జేబులోకి ఎలా వచ్చింది? కార్ల ఎయిర్‌బ్యాగుల పుణ్యమా అని. గుద్దుకోగానే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవాలంటే చవగ్గా ఒక యాక్సిలరోమీటర్ కావాలి. 1990ల మొదట్లో సిలికాన్ మీదే, వెంట్రుకల్లాంటి స్ప్రింగులకి వేలాడే ఒక చిన్న ముక్కని చెక్కి దాన్ని చేయగలిగారు. 2007లో ఐఫోన్‌లో అది స్క్రీన్ అడ్డంగా తిప్పడానికి వచ్చింది. 2010లో ఐఫోన్ 4తో జైరోస్కోప్ కూడా ఫోన్‌లోకి చేరింది. 2013లో ఆండ్రాయిడ్ 4.4 నుంచి అడుగులు లెక్కపెట్టే సెన్సర్‌కి ఆండ్రాయిడ్‌లోనే చోటు దొరికింది. ఇప్పుడు మీ చేతిలో ఉన్నది ఆ టన్ను బరువు పెట్టెకి మనవడు.

మరి అడుగులెందుకు?

ఇక్కడ తెలివైనవాళ్లకి ఒక డౌట్ రావాలి. యాక్సిలరోమీటర్ ఉంది కదా, త్వరణాన్ని రెండుసార్లు ఇంటిగ్రేట్ చేస్తే దూరం వచ్చేస్తుంది, ఇంటర్‌లోనే చెప్పారు. అడుగులు లెక్కపెట్టడం దేనికి?

దేనికంటే, మన ఫోన్‌లో ఉన్నది చవక సెన్సర్. ఉదాహరణకి అది సెకనుకి సెకనుకి 0.01 మీటర్ల చిన్న తప్పు చూపిస్తుందనుకోండి. ఫోన్ బల్ల మీద కదలకుండా ఉన్నా, అది కదులుతున్నట్టే లెక్క. 10 సెకన్లలో అరమీటరు తప్పు, పర్లేదు. 1 నిమిషానికి 18 మీటర్లు. 10 నిమిషాలకి 1,800 మీటర్లు. మీరు మంచం మీద పడుకుని రీల్స్ చూస్తుంటే ఫోన్ దృష్టిలో మీరు ఊరు దాటి పోయారన్నమాట. తప్పు కాలం వర్గంతో పెరుగుతుంది.

అందుకే ఇంజినీర్లు మళ్లీ నైన్ సింగ్ దగ్గరికే వచ్చారు. నడిచేటప్పుడు ఒంటికి ఒక లయ ఉంటుంది. ప్రతి అడుగుకీ యాక్సిలరోమీటర్ గీత ఒకసారి పైకి లేచి కిందికి దిగుతుంది. ఆ శిఖరాలు లెక్కపెడితే అడుగులు. అడుగు పొడవెంత అంటే, 2002లో హార్వే వైన్‌బర్గ్ అనే ఇంజినీరు ఒక కిటుకు రాశాడు. శిఖరానికీ లోయకీ తేడా ఎంత ఎక్కువుంటే అడుగు అంత పెద్దది, ఆ తేడాకి నాలుగో మూలం తీసుకో, మనిషిని బట్టి ఒక అంకెతో గుణించు, చాలు. జైరో, దిక్సూచి కలిపి దిక్కు చెబుతాయి.

ఇలా చేస్తే తప్పు కాలంతో కాకుండా నడిచిన దూరంతో పెరుగుతుంది. అడుగు పొడవులో నూటికి 5 తప్పు ఉంటే, 100 మీటర్లకి 5 మీటర్లు. దిక్కులో 5 డిగ్రీలు తప్పితే, 100 మీటర్లు నడిచేసరికి దాదాపు 9 మీటర్లు పక్కకి. మన ఇళ్లలో అయితే 9 మీటర్లంటే పక్కింటివాళ్ల వంటిల్లు.

నాకు ఇది అనుభవం. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో షాపింగ్ మాల్ లోపల దారి చూపించే యాప్ చేశాం. డెమో రోజు క్లయింట్ ముందు లిఫ్టు పక్కన నడిచేసరికి, ఆ ఇనుముకి దిక్సూచి తిక్క తిరిగి, మా నీలి చుక్క గోడలోంచి బయటికి పోయి మూడో అంతస్తు ఎత్తులో గాల్లో నిలబడింది. ఎవరో నవ్వారు. ప్రాజెక్టు ఆగిపోయింది.

2012, బెంగళూరు

చుక్క గోడలోంచి పోయింది అంటే మనం నవ్వుతాం. మనిషి గోడలోంచి పోలేడు కాబట్టి. అసలు ఆ మాటనే పరిష్కారంగా మార్చినవాళ్లున్నారు. అది కూడా మన పక్కనే.

2012లో బెంగళూరు మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియా నుంచి జీ అనే పద్ధతి వచ్చింది. రాసినవాళ్లు అన్షుల్ రాయ్, కృష్ణ కాంత్ చింతలపూడి, వెంకట పద్మనాభన్, రిజురేఖా సేన్. చింతలపూడి అనే ఇంటిపేరు చూడగానే, ఒకప్పటి పశ్చిమ గోదావరి జిల్లా ఊరి పేరు కదా అని నాకు ముచ్చటేసింది. ఆ పద్మనాభనే అంతకు ముందు 2000లో పరమ్‌వీర్ బహల్‌తో కలిసి వైఫై సిగ్నల్ బలాన్ని బట్టి భవనం లోపల చోటు కనుక్కునే రాడార్ అనే పద్ధతి రాశారు. ఆ వైఫై పద్ధతిలో ఒక బాధ ఉంది. ముందే ఎవరో ఒకరు భవనమంతా తిరిగి ఏ మూల ఏ సిగ్నల్ ఎంతుందో నమోదు చేయాలి. ఆ చాకిరీ ఎవరు చేస్తారు?

జీ ఏం చేసిందంటే, ఆ పని మామూలుగా తిరిగే జనం చేతే, వాళ్లు ప్రత్యేకంగా ఏమీ చేయనక్కర్లేకుండా చేయించింది. మీకు అర్థమయ్యేలా చెప్తా. భవనం ప్లాను ఒక కాగితం మీద పరిచి, దాని మీద గుప్పెడు మిరపగింజలు చల్లండి. నువ్వెక్కడున్నావో తెలియదు కాబట్టి ప్రతి గింజా నువ్వే కావచ్చు. ఇప్పుడు నువ్వు అడుగు వేస్తే అన్ని గింజల్నీ ఒక అడుగు జరుపు. నువ్వు కుడికి తిరిగితే అన్నిటినీ తిప్పు. గోడకి గుద్దుకున్న గింజని తీసి పారెయ్. ఇలా నాలుగు మలుపులు తిరిగేసరికి చాలా గింజలు పోతాయి, మిగిలినవి ఒక చోట కుప్పపడతాయి. నువ్వున్నది అక్కడే. అప్పుడు వెనక్కి లెక్కేసి నువ్వు వచ్చిన దారంతా గీసి, ఆ దారిలో ఫోన్ విన్న వైఫై సిగ్నల్స్‌ని ప్లాను మీద రాసేస్తుంది. తర్వాత వచ్చేవాడికి అవే గుంజలు. గోడలే ఇక్కడ లాంబ్టన్ త్రిభుజాలు.

అదే ఏడాది బెంగళూరులోనే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, స్వీడన్‌లోని కేటీహెచ్ కలిసి ఓపెన్‌షూ అనే పరికరం వివరాలు అందరికీ తెరిచిపెట్టాయి. అక్కడి ప్రొఫెసర్ కె.వి.ఎస్. హరి మన ఉస్మానియాలో బీఈ చదివినవారు. ఇందులో సెన్సర్ జేబులో కాదు, చెప్పు మడమలో ఉంటుంది. కారణం వింటే అరె అనిపిస్తుంది. నడిచేటప్పుడు ప్రతి అడుగుకీ ఒక క్షణం పాదం నేల మీద కదలకుండా ఆగుతుంది. ఆ క్షణంలో వేగం సున్నా అని మనకి ఖాయంగా తెలుసు. సెన్సర్ వేరే అంకె చూపిస్తే అది తప్పని పట్టుకుని అక్కడే దిద్దేయొచ్చు. 2005లో ఎరిక్ ఫాక్స్‌లిన్ బూటులో సెన్సర్ పెట్టి ఈ కిటుకుని బాగా చూపించాడు. ఓపెన్‌షూ దాన్ని ఎవరైనా చేసుకునేలా చేసింది.

కోల్డ్ స్టోరేజీలో

సరే, ఇదంతా మాల్‌లో చెప్పుల షాపు వెతుక్కోవడానికేనా? నేనూ అలాగే అనుకున్నా, మొన్న కోల్డ్ స్టోరేజీకి వెళ్లేదాకా.

నాన్న మిర్చి టిక్కీలు గుంటూరు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో పెట్టాడు. శాంపిల్ తీయించడానికి నేనూ వెళ్లా. మందపాటి గోడలు, కిటికీ ఉండదు, లోపల చలి, చీకటి, ఘాటు. ఫోన్ సిగ్నల్ సున్నా. మనిషి ఎత్తుకి పైన ఎటు చూసినా టిక్కీల దొంతర్లే. నేను రాసుకున్న అడుగుల యాప్ ఆన్ చేసి మూడు వరసలు తిరిగా. ఇనప ర్యాకుల మధ్య దిక్సూచి వంకర్లు పోయింది, నేను తలుపు దగ్గరికి తిరిగొచ్చేసరికి యాప్ నన్ను పక్క చాంబర్‌లో చూపిస్తోంది. మాతో వచ్చిన ముఠా మేస్త్రి మాత్రం చిన్న టార్చితో నేరుగా మా లాట్ దగ్గరికే వెళ్లాడు. ఎలా అని అడిగా. "స్తంభాలు లెక్కపెట్టుకుంటా పోతాం బాబూ, అడుగులు ఎవురు లెక్కేస్తారు" అన్నాడు. ఆయన దగ్గర గుంజలున్నాయి. నా యాప్ దగ్గర లేవు.

అప్పుడు నాకు అమెరికాలో వూస్టర్ అనే ఊరి సంగతి గుర్తొచ్చింది. 1999 డిసెంబర్ 3న అక్కడ ఒక పాత కోల్డ్ స్టోరేజీ భవనం అంటుకుంది. కిటికీలు లేని గోడలు, చిక్కుదారులు. లోపల మనుషులున్నారేమోనని వెతకడానికి వెళ్లిన ఇద్దరు ఫైర్ సిబ్బంది పొగలో దారి తప్పారు. వాళ్లని వెతకడానికి వెళ్లినవాళ్లలో మరో నలుగురు తిరిగి రాలేదు. మొత్తం ఆరుగురు. రేడియోలో మాట్లాడగలిగారు, గాలి అయిపోతోందని చెప్పగలిగారు, కానీ ఎక్కడున్నారో చెప్పలేకపోయారు. ఆ తర్వాత అదే ఊళ్లోని ఇంజినీరింగ్ యూనివర్సిటీ భవనాల లోపల సిబ్బంది చోటు కనుక్కునే పరిశోధన మీద ఏళ్ల తరబడి పనిచేసింది. మన దగ్గర కూడా కోల్డ్ స్టోరేజీల్లో అగ్నిప్రమాదాల వార్తలు చదువుతూనే ఉంటాం. లోపలికి వెళ్లేవాడి బూటులో ఓపెన్‌షూ లాంటిది ఒకటి ఉంటే, బయట ఉన్నవాడికి కనీసం ఏ వైపు వెతకాలో తెలుస్తుంది.

రెండో వైపు

ఇంకొక్క మాట చెప్పకపోతే ఈ ఎపిసోడ్ సగమే అవుతుంది. మనలో చాలామంది లొకేషన్ ఆఫ్ చేసి, ఇంక ఎవరికీ తెలియదు అనుకుంటాం. 2012 జనవరిలో, మళ్లీ అదే బెంగళూరులో జరిగిన కామ్‌స్నెట్స్ సదస్సులో కార్నెగీ మెలన్ పరిశోధకులు ఒక పేపరు చదివారు. జీపీఎస్ లేకుండా, కేవలం యాక్సిలరోమీటర్ రీడింగులతో, కారులో వెళ్లే మనిషి చోటుని 200 మీటర్ల వ్యాసార్ధంలోకి తెచ్చి చూపించారు. దారి మలుపుల్ని రోడ్ల మ్యాపుతో పోల్చడమే. మన మిరపగింజల ఆటే, కాకపోతే గోడలకి బదులు రోడ్లు.

ఆండ్రాయిడ్ 10 నుంచి అడుగుల లెక్క చూడాలంటే యాప్ మిమ్మల్ని అడగాలి. కానీ పచ్చి యాక్సిలరోమీటర్, జైరో రీడింగులకి ఆ పర్మిషన్ బాక్స్ రాదు. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 సెకనుకి 200 రీడింగుల హద్దు పెట్టింది, అంతకన్నా ఎక్కువ కావాలంటే యాప్ ముందే ప్రకటించాలి. నడక పట్టుకోవడానికి సెకనుకి 50 చాలు. అంటే ఆ హద్దు మాటలు వినకుండా ఆపడానికి పనికొస్తుందేమో గానీ, అడుగులు లెక్కపెట్టకుండా ఆపదు. భయపడమని కాదు. అక్కర్లేని యాప్ ఫోన్‌లో ఎందుకుంచుకోవాలి అని ఒకసారి చూసుకోమని.

మీరు చేసి చూడాలనుకుంటే, ముందు మీ ఫోన్‌లో జైరో ఉందో లేదో చూడండి, చవక ఫోన్లలో చాలావాటికి ఉండదు. 360 డిగ్రీల వీడియో పెట్టి ఫోన్‌ని చుట్టూ తిప్పండి, బొమ్మ మీతో తిరిగితే ఉన్నట్టే. తర్వాత మీ బడి వరండానో కాలేజీ కారిడారో తీసుకుని, కొలిచిన 20 మీటర్లు నడిచి మీ అడుగు సగటు పొడవు ఎంతో చూడండి. పొద్దున ఒకసారి, సాయంత్రం అలిసిపోయాక ఒకసారి. రెండూ ఒకటే వస్తే మీరు నైన్ సింగ్ దగ్గర చదువుకున్నట్టు.

చివరిగా మా తాతయ్య. మణికట్టు కట్టు విప్పాక ఆయన పద్ధతి మార్చుకున్నాడు. మంచం మీద నుంచి లేవగానే నేరుగా నడిచేవాడు కాదు. ముందు పక్కకి చెయ్యి చాపి వసారా గుంజ ముట్టుకునేవాడు. గుంజ దగ్గర నుంచి ఒకటి అని మొదలుపెట్టేవాడు. మంచాన్ని ఎవరైనా జరపొచ్చు, గుంజని జరపలేరు కదా. నేల మీది నాపరాళ్లలో తొట్టి దారిలో ఒకటి కొంచెం లేచి ఉండేది. నాన్న దాన్ని సరిచేయిస్తానంటే వద్దన్నాడు, కాలికి తగిలితే ఏడో అడుగని తెలుస్తుందని.

ఆయన ఇప్పుడు లేడు. ఇల్లు బాగుచేయించినప్పుడు ఆ రాయి మార్చారు, టైల్స్ వేశారు. గుంజ మాత్రం ఉంది. ఊరెళ్లినప్పుడు కరెంటు పోతే నేనూ దాన్నే ముందు ముట్టుకుంటా.

మీ ఇంట్లో, మీ ఊళ్లో ఇలా లెక్కపెట్టుకుని నడిచే పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల లెక్కలు అడిగి రాసి పంపండి, ఇంకో ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. అన్నట్టు, వాళ్ల మంచం జరిపితే మాత్రం చెప్పి జరపండి. ఉంటాను.